చలివేంద్రం కుండ నింపేదెవరు?

(మహిళల కార్యక్రమంలో చేసిన రేడియో ప్రసంగ పాఠం)



ఫాల్గుణ మాసంలో కదిరి చూశారా మీరెప్పుడైనా? ఖాద్రీ లక్ష్మీనరసింహస్వామి బ్రహ్మోత్సవాలు జరిగే రోజులవి. అందులోనూ రథోత్సవం నాడు చూడాలి. చుట్టుపక్కల పల్లెలన్నీ ఖాళీ అయి కదిరి వీధుల్లో నిలబడతాయి. కదిలే రథం మీదికి జనం దవనం, మిరియాలు విసురుతారు. ఆ దవనం వాసన, కదిరి మల్లెల వాసన, చెమట వాసన అన్నీ కలిసిపోయి వుంటాయి. ఎండ అప్పటికే ముదిరి వుంటుంది. అయినా ఆ రోజు దాహంతో ఇంటికి తిరిగి వెళ్ళేవాళ్ళుండరు. మజ్జిగ ఇచ్చేవారు, పానకం ఇచ్చేవారు, బిందెల్లో నీళ్ళు పెట్టుకుని గ్లాసులతో ఎదురొచ్చేవారు అడుగడుగునా వుంటారు. వాళ్ళనెవరూ పిలవలేదు, జీతమిచ్చి పెట్టలేదు. తమంతట తామే వచ్చారు.

నేనూ ఆ గుంపులో కొంగు బిగించి మజ్జిగ పోసినదాన్నే. సాయంత్రానికి భుజాలు పట్టేసేవి గానీ మనసుకెంతో హాయిగా వుండేది. అయితే ఈ వయసులో ఒక సంగతి ఒప్పుకోవాలి. అది తేలికైన పని. ఒక్క రోజు పని, పదిమందీ చూస్తూండగా చేసే పని. అలాంటి దానికి మన దేశంలో మనుషుల కొరత ఎప్పుడూ లేదు. ఆ మర్నాడు పల్లెకు తిరిగి వెళ్ళాక, ఎవరూ చూడనిచోట, రోజూ చెయ్యవలసిన పని ఎవరు చేస్తున్నారు? ఇవాళ నేను మీతో మాట్లాడాలనుకున్నది ఆ సంగతే.

మా అత్తవారి వూరు కదిరికి దగ్గరే, బస్సులో అరగంట. పేరు చెప్పను. ఎందుచేతనంటే నేను చెప్పబోయేవాటిలో మా ఇంటివాళ్ళ తప్పులు కూడా వున్నాయి. వాటికోసం వూరిపేరు బజారులో పెట్టడం దేనికి? నేను కాపరానికి వచ్చేనాటికి అది 80 గడపల వూరు. ఇప్పుడు వాటిలో సగానికి తాళాలే. కొన్ని తాళాలకు చిలుము పట్టి, ఎవరైనా వచ్చినా తాళంచెవి తిరగదు. మగవాళ్ళు బెంగుళూరులో ఇళ్ళు కట్టే పనులకు పోయారు. కొందరు కేరళ దాకా పోయారు. ఆడవాళ్ళు కొందరు ఇంటిపనికి కువైట్ వెళ్ళారు. అనంతపురం జిల్లాలో ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన కురుస్తుందని లెక్కలు చెబుతాయి. సగటు అనేది మాయమాట లాంటిది, సోదరీమణులారా. మాకు కావలసినప్పుడు కురవదు, శనక్కాయ పీకి ఆరబెట్టినప్పుడు కురుస్తుంది. (2022 ఏప్రిల్లో కదిరి శ్రీ సత్యసాయి జిల్లాలోకి వచ్చిందనుకోండి. జిల్లా పేరు మారిందని మేఘానికెవరు చెప్పాలి?)

వూరు ఖాళీ అయితే ఏమవుతుంది? పొలం బీడు పడుతుందని అందరూ చెబుతారు. పొలంతోపాటు ఇంకొకటి బీడు పడుతుంది, దాని గురించి ఎవరూ లెక్కలు రాయరు. వూళ్ళో డబ్బు తీసుకోకుండా జరిగిపోయే పనులు ఎన్ని వుండేవో గుర్తు తెచ్చుకోండి. మీలో చాలామంది పుట్టిళ్ళు పల్లెల్లోనే గదా!

మా వైపు శనక్కాయ వలుపు వుండేది. విత్తడానికి ముందు, తొలకరి కోసం ఎదురుచూసే రోజుల్లో, విత్తనం కాయను చేత్తో వలవాలి. మిషనులో ఆడిస్తే పప్పు బద్దలవుతుంది, మొలక దెబ్బ తింటుంది. కదిరి వ్యవసాయ పరిశోధనా స్థానం వారు ఎన్ని మంచి రకాలు తయారుచేసి ఇచ్చినా - కదిరి-6, కదిరి-9, కదిరి లేపాక్షి అని మీరూ వినే వుంటారు - ఆ విత్తనం మొలక చెడకుండా నేలలో పడాలంటే ఆడవాళ్ళ బొటనవేళ్ళు పనిచెయ్యాలి. రాత్రి భోజనాలయ్యాక ఒక ఇంటి అరుగు మీద పదిమంది చేరేవారు. ఇవాళ మీ ఇంటి మూట, రేపు మా ఇంటి మూట. దీన్నే ముయ్యి అంటారు మా వైపు. కూలి లేదు, లెక్కపుస్తకం లేదు, అయినా ఎవరి బాకీ ఎవరూ మరిచేవారు కాదు. కాయ నేలకు కొట్టి, నొక్కి, పప్పు చేటలో వేస్తూ, ఒకరు కథ చెప్పేవారు, ఒకరు పాట ఎత్తుకునేవారు. కొత్తకోడలికి అత్త మీద వున్న కోపం కూడా ఆ అరుగు మీదే కరిగేది. నా కోపమూ అక్కడే కరిగింది లెండి. గోళ్ళ సందుల్లో మంట పుట్టేది, అదివేరే సంగతి.

అలాగే చెరువు. కట్ట మీద ముళ్ళకంప పెరిగితే కొట్టెయ్యడం, కాలువ పూడిక తియ్యడం, తూము దగ్గర నీరుగంటి చెప్పినట్టు వంతులు పాటించడం. ఇది ఎంత పాత అలవాటో చూడండి. కదిరి తాలూకా 1910 దాకా కడప జిల్లాలోది. ఆ కడప జిల్లాలోనే పోరుమామిళ్ళ చెరువు దగ్గర 1369 నాటి శాసనం ఒకటుంది. విజయనగరం బుక్కరాయల కుమారుడు భాస్కర భవదూరుడు ఆ చెరువు కట్టించాడు. రోజుకు వెయ్యిమంది మనుషులు, రాళ్ళు తోలడానికి వంద బండ్లు, రెండేళ్ళ పని అని అందులో చెక్కించారు. మంచి చెరువుకు ఏయే లక్షణాలుండాలో పన్నెండు చెప్పారు. కట్టించినవాడి పేరు శాసనంలో వుంది. ఆ తరువాత ఆరు వందల యాభై ఏళ్ళు ఏటేటా దాని కంప కొట్టినవాళ్ళ పేర్లు ఎక్కడున్నాయి?

వూరంతా కలిసి చెరువు బాగుచేసుకునే ఈ పద్ధతినే కుడిమరామత్తు అన్నారు. అయితే ఇదంతా ఎవరికివారు సంతోషంగా వచ్చి చేసిన సేవ అనుకోవడానికి లేదు. 1858లో మద్రాసు ప్రభుత్వం నిర్బంధ శ్రమ చట్టమని ఒకటి చేసింది. చెరువు పనికి రానివాళ్ళ చేత చట్టం పెట్టి చేయించవలసి వచ్చిందన్నమాట. పైగా వూరి పని పేరుతో కొన్ని కులాలవాళ్ళ చేత వెట్టి చేయించుకున్నారు. ఆ రోజుల్లో వూరంతా ఒకటే కుటుంబంలా వుండేది అని ఎవరైనా పెద్దవారు చెప్పినప్పుడు నేను, ఆ కుటుంబంలో చాకిరీ ఎవరి వంతు వచ్చేదని అడగాలనుకుంటాను. అడగను. పెద్దవారు గదా.

ఇంకొక తమాషా. "ఏదైనా స్వచ్ఛందంగా చేద్దాం, వాలంటీర్లుగా నాలుగురం చేరదాం" అని మా వూళ్ళో నేను మొదటిసారి అన్నప్పుడు, మా పక్కింటి అవ్వ కళ్ళు చికిలించి, "ఏమ్మే, పింఛను నువ్వు తెస్తావా ఇంగ?" అంది. తప్పు అవ్వది కాదు. 2019 ఆగస్టులో రాష్ట్ర ప్రభుత్వం గ్రామ వాలంటీర్లను పెట్టింది. సుమారు 50 ఇళ్ళకొకరు, నెలకు 5 వేల రూపాయల గౌరవ వేతనం. నెల మొదటి తారీఖున పింఛను తెచ్చి గుమ్మంలో ఇచ్చేవారు. 2024లో ఆ ఏర్పాటు ఆగిపోయింది. కానీ ఆ మాటకు అవ్వ మనసులో ఆ అర్థమే నిలిచిపోయింది. పనికి డబ్బు ఇవ్వడం తప్పని నేననడం లేదు సుమండీ. ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న మొదలైంది మన అనంతపురం జిల్లా బండ్లపల్లిలోనే. చెరువు పూడిక తీసిన చేతికి కూలి దొరికిందంటే, ఆ పూట పొయ్యి వెలిగిందన్నమాట. అది చాలా పెద్ద మాట. కానీ ఏ పథకంలోనూ పట్టని చిన్న చిన్న పనులు కొన్ని మిగిలిపోతాయి. చలివేంద్రంలో కుండ నింపడం అలాంటిదే.

ఇప్పుడు అసలు సంగతికి వస్తున్నాను.

మా వూరి మలుపులో, కదిరి బస్సు ఆగేచోట ఒక వేపచెట్టు వుంది. దానికింద ఉగాది నుంచి మృగశిర కార్తె దాకా మా అత్తగారు చలివేంద్రం పెట్టేవారు. ఇసుక పరిచి నాలుగు కుండలు, వాటికి తడిగోనె పట్టాలు, పైన చిన్న పాక. తెల్లవారకముందే బావి నుంచి నీళ్ళు మోసి నింపేవారు. ఆవిడ ఒక్కరే కాదు, వీధిలో ఆడవాళ్ళందరికీ వంతులుండేవి. గొర్రెలు తోలుకుపోయేవాళ్ళు, సంతకు పోయేవాళ్ళు, కదిరి ఆసుపత్రికి పిల్లలనెత్తుకుని పోయే తల్లులు, అందరూ అక్కడ ఆగేవారు. ఆవిడ పోయాక రెండేళ్ళు ఎలాగో నడిచింది. మూడో ఏడు కుండలు పగిలిపోయాయి. పాక గాలికి పోయింది.

నాలుగేళ్ళ క్రితం ఎండాకాలంలో నేను ఆ మలుపులో బస్సు దిగాను. మధ్యాహ్నం ఒంటిగంట అయివుంటుంది. వేపచెట్టు కింద ఒక గొర్రెల కాపరి ఇల్లాలు చంటిపిల్లతో కూర్చునివుంది. "అమ్మా, ఈడ నీళ్ళు పెట్టేటోళ్ళు గదా, యాడికి పోయినారు?" అని అడిగింది నన్ను. నా సంచిలోని సీసా ఆమెకిచ్చేసి ఇంటికి నడిచాను. ఆ ప్రశ్న మాత్రం నా వెంట వచ్చింది.

పట్నవాసం ఆడదాన్ని గదా, నాకు తోచింది డబ్బు. అనంతపురం తిరిగి వచ్చి ఒక పెద్ద స్టీలు డ్రమ్ము, దానికి కొళాయి, గొలుసుతో కట్టిన గ్లాసులు కొని వూరికి పంపించాం. మావారు డ్రమ్ము మీద వాళ్ళమ్మగారి పేరు, ఇంటిపేరుతో సహా, ఎర్రరంగుతో రాయించారు. ఫోటో తీసి అందరికీ పంపించాం. "ఎంత మంచి పని చేశారండీ" అని బంధువులు మెచ్చుకున్నారు. మరుసటి ఏడు శ్రీరామనవమికి వెళ్ళి చూద్దును గదా, డ్రమ్ము వుంది, పేరు మెరుస్తూ వుంది, కొళాయి తిప్పితే గాలి వచ్చింది. మూత తీసి చూస్తే అడుగున వేపాకులు, ఒక చచ్చిన బల్లి.

పక్కింటి అవ్వ నవ్వింది. "దుడ్డిస్తే డ్రమ్మొచ్చింది. దుడ్డిస్తే నీళ్ళొస్తాయా, ఎవురన్నా పొయ్యాల గదా" అంది.

ఆ మాట నాకు గట్టిగా తగిలింది. మనం పల్లెకు ఏదైనా చెయ్యాలనుకున్నప్పుడు సాధారణంగా కొనగలిగిన వస్తువే ఇస్తాం. బడికి ఫ్యాను, గుడికి గంట, చెట్టుకింద బెంచీ. అన్నిటి మీదా మన పేరు. ఆ ఫ్యాను చెడిపోతే బాగుచేయించేదెవరు, గంట కొట్టేదెవరు అని ఆలోచించం. మీలో ఇలాంటి డ్రమ్ములు పంపినవాళ్ళు ఎవరైనా వుంటే, సిగ్గుపడకండి, మనం ఒకరికొకరం తోడు.

ఆ ఎండాకాలం నేను వెనక్కు రాకుండా పదిరోజులు వూళ్ళో వుండిపోయాను. ఇంట్లో మావారు, మా అమ్మాయి వంట చేసుకున్నారు. ఎలా చేసుకున్నారని అడక్కండి. రోజూ పొద్దున్నే నేనే కుళాయి దగ్గర పట్టి మోశాను. మూడోరోజుకు నడుం పట్టేసింది. డ్రమ్ము నింపి చూస్తే పన్నెండు గంటలకల్లా నీళ్ళు కాగిపోయి తాగడానికి పనికిరాలేదు. అత్తగారు కుండలే ఎందుకు పెట్టారో అప్పుడు తెలిసింది. ఆవిడ బతికివుండగా ఆ తెలివి గురించి ఒక్కసారైనా మెచ్చుకున్నదాన్ని కాదు.

ఒక్కరి వల్ల అయ్యే పని కాదని తెలిశాక పొదుపు సంఘం సమావేశంలో ఈ మాట ఎత్తాను. 1982లో డ్వాక్రా పథకం వచ్చాక పల్లె ఆడవాళ్ళు సంఘాలుగా కూర్చోవడం నెమ్మదిగా అలవాటైంది గదా. మా వూళ్ళో రెండు సంఘాలు. ఒకటి వూరివైపు ఆడవాళ్ళది, ఒకటి ఎస్సీ కాలనీ ఆడవాళ్ళది. ఆ రోజు రెండూ బడి వరండాలో కలిసి కూర్చున్నాయి. వంతులకు పేర్లు అడిగితే వూరివైపు నుంచి ఆరుగురే వచ్చారు. మిగతా ఇళ్ళకు తాళాలు, లేదా ఇళ్ళలో వున్నది ముసలివాళ్ళు. కాలనీలో మాత్రం మనుషులున్నారు. వాళ్ళూ వలస పోతారు గానీ, ఎండాకాలంలో పది పన్నెండుమంది ఆడవాళ్ళు ఇంటిపట్టున వుంటారు.

"మీరు కూడా చేరండమ్మా" అన్నాను. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తరువాత కాలనీ నుంచి ఒకామె, నాకన్నా చిన్నదే, లేచి అడిగింది: "చేరతాం అక్కా. మేం నింపితే మీ ఇండ్లల్లోళ్ళు తాగుతారా?"

సోదరీమణులారా, ఇక్కడ నేను మీకొకటి చెప్పాలి. మా అత్తగారి చలివేంద్రం గొప్పది అని ఇంతసేపూ చెప్పాను. ఆ చలివేంద్రంలో కొందరికి గ్లాసు ఇచ్చేవారు. కొందరికి మాత్రం దొప్పతో ఎత్తునుంచి పోసేవారు, వాళ్ళు దోసిలి పట్టి వంగి తాగేవారు. కొత్తకోడలిగా నేనూ అలాగే పోశాను. అది అన్యాయమని నాకు తోచనైనా తోచలేదు. వేమన సమాధి వున్న కటారుపల్లి మాకేమంత దూరం కాదు. ఆయన పద్యాలు చిన్నప్పుడే కంఠతా పట్టి, మాలమాదిగలకు దొప్పతో నీళ్ళు పోసినవాళ్ళం మేము. ఆ వరండాలో నన్ను ప్రశ్న అడిగిన మనిషి వాళ్ళమ్మ, నా చేతి దొప్ప కింద వంగే వుంటుంది.

నాకు నోట మాట రాలేదు. మా వాళ్ళలో ఒకావిడ సర్దబోయింది, "కొళాయి వుంది గదా, ఎవురు పోస్తే ఏముంది" అని. కాలనీ ఆమె ఒప్పుకోలేదు. "నేనడిగేది కొళాయి సంగతి కాదు" అంది. అప్పుడు మా పక్కింటి అవ్వ, దొప్ప పట్టడంలో మా అత్తగారికన్నా పట్టుదల గల మనిషి, చేత్తో గాలిలో ఏదో తోసేస్తున్నట్టు అని, "ఈళ్ళు పొయ్యకుంటే పోసేదానికి ఈడ మిగిలిండేదెవురు మే? రాసుకో పేర్లు" అంది.

అదేమీ గొప్ప ఆదర్శంతో అన్న మాట కాదు. అవసరం అనిపించిన మాట. అయినా ఆ మాట మీదే పదహారు పేర్లు రాసుకున్నాం. కాలనీ వాళ్ళు ఒక షరతు పెట్టారు. డ్రమ్ము మీద పేరు తీసెయ్యాలి. "అందురూ పోసే నీళ్ళకి ఒక ఇంటి పేరెందుకు?" అన్నారు. న్యాయమే. కానీ అది మావారి తల్లిపేరు. ఆయన రెండు రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు. మూడోరోజు ఫోనులో, "సరే, గీకించెయ్యి" అన్నారు. ఇప్పుడా డ్రమ్ము మీద ఏ పేరూ లేదు, గీకిన మరక మాత్రం వుంది. దాన్ని నీళ్ళు నిలవ వుంచుకోవడానికి నీడలో పెట్టాం. తాగే నీళ్ళు మళ్ళీ కుండల్లోనే, గ్లాసులు అందరికీ ఒకటే.

అంతా సవ్యంగా అయిపోయిందని చెప్పను. రెండు ఇళ్ళవాళ్ళు ఆ కుండలో నీళ్ళు తాగడం మానేశారు. ఇప్పటికీ సంచిలో సీసా పెట్టుకుని బస్సుకోసం నిలబడతారు. ఒకావిడ పేరు ఇచ్చి, తన వంతు రోజున ఎప్పుడూ జ్వరం వచ్చిందంటుంది. మగవాళ్ళలో ఒక్కరు కూడా వంతుల పట్టీలో చేరలేదు. కుళాయి రాని రోజుల్లో ఇద్దరు కుర్రాళ్ళు ట్రాక్టరుతో ట్యాంకు తెచ్చి పెడతారు, అదే చాలనుకుంటున్నాం. అయినా మూడు ఎండాకాలాలు గడిచాయి, కుండ ఎండిన రోజులు చేతివేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు.

ఇందులో నా పని ఏమిటో చెబితే మీకు నవ్వు రావచ్చు. ఫోను చెయ్యడం. ఉగాది నుంచి తొలకరి దాకా ప్రతి సాయంత్రం ఆరు గంటలకు, రేపటి వంతు ఎవరిదో పట్టీ చూసి వాళ్ళకు ఫోను చేస్తాను. "రేపు నీ వంతు వదినా, గుర్తుందా?" అంతే. వాళ్ళకు వీలుకాకపోతే ఇంకొకరికి చేస్తాను. అనంతపురంలో వంటింట్లో నిలబడి, కూర పొయ్యి మీద వుండగా చేసే పని. మొదట్లో ఇదీ ఒక సేవేనా అనిపించింది. రెండో ఏడు మా అమ్మాయి పురిటికి పోయి పదిహేను రోజులు ఫోను చెయ్యలేదు. ఆ పదిహేను రోజుల్లో నాలుగు రోజులు కుండలు ఎండాయి. అప్పుడు తెలిసింది ఆ ఫోను విలువ. ఎవరికీ చెయ్యకూడదని వుండదు. గుర్తు చేసే మనిషి లేకపోతే పని జారిపోతుంది. ఎండాకాలంలో ఒక వారం మాత్రం నేను వెళ్ళి స్వయంగా మోస్తాను. ఆ వారం నావంతు అని పట్టీలోనే వుంటుంది. అది లేకపోతే నా ఫోనుకు బరువుండదు.

ఇలాంటి పని పెద్ద ఎత్తున చూడాలనుకుంటే మా జిల్లాలోనే వుంది. చెన్నేకొత్తపల్లి దగ్గర 1990లో కొద్దిమంది కలిసి 32 ఎకరాల బీడు కొని టింబక్టు కలెక్టివ్ అని మొదలుపెట్టారు. తరువాత ఆ చుట్టుపక్కల పల్లెలవాళ్ళతో కలిసి కల్పవల్లి అనేచోట వేల ఎకరాల బోడిగుట్టలను పచ్చగా చేశారు. గొప్ప గొప్ప యంత్రాలతో కాదు. ముఖ్యంగా అగ్గి నుంచి కాపాడుతూ, తనంతట తాను మొలిచే చెట్టును మొలవనివ్వడంతో. ఎండాకాలం వచ్చేసరికి అగ్గి దాటకుండా గడ్డి కోసి గుట్టల మీద బాటలు తియ్యాలి. పొగ కనిపిస్తే పచ్చికొమ్మలు పట్టుకుని పరుగెత్తాలి. ఒక్క ఏడు అశ్రద్ధ చేస్తే ఎన్నో ఏళ్ళ చెట్టు ఒక మధ్యాహ్నంలో బూడిద. ఇప్పుడక్కడ ఈతచెట్లున్నాయి, గొర్రెలకు గడ్డి వుంది. మొక్క నాటే రోజున ఫోటోకు చాలామంది నిలబడతారు. చైత్ర వైశాఖాల్లో గుట్టెక్కి గడ్డి కోసేవాళ్ళే ఆ అడవిని నిలబెట్టినవాళ్ళు.

పట్నంలో మీ ఇళ్ళలో మీకు తీరిక ఎంత వుంటుందో నాకు తెలియనిది కాదు. పిల్లల చదువులు, పెద్దవాళ్ళ మందులు, నీళ్ళు వచ్చే వేళ, గ్యాసు వచ్చే వేళ. అందుకే సంఘం పెట్టండి, అధ్యక్షురాలిని ఎన్నుకోండి అని నేను చెప్పను. అధ్యక్షురాలు, కార్యదర్శి, కోశాధికారి అనగానే ముగ్గురు పదవుల్లోకి పోతారు, నీళ్ళు మోసేవాళ్ళు మిగలరు. మీ వూళ్ళో ఆగిపోయిన పని ఒక్కటి, చిన్నది, చూడండి. ఏది ఆగిపోయిందో ఇక్కడి నుంచి వూహించకండి, అక్కడ వుండేవాళ్ళను అడగండి. నేను అడగకుండా డ్రమ్ము పంపినదాన్ని. తరువాత అందులో మీ వంతు ఏమిటో తేదీ వేసుకుని ఒప్పుకోండి. మా వూరి నుంచి బెంగుళూరులో స్థిరపడిన ముగ్గురు ఆడవాళ్ళు, పోయిన ఏడు శనక్కాయ వలుపుకు రెండు ఆదివారాలు వచ్చారు. మొదటి ఆదివారం వాళ్ళ గోళ్ళు చిట్లిపోయాయి, నెయిల్ పాలిష్ సంగతి చెప్పనక్కరలేదు. అయినా రెండో ఆదివారమూ వచ్చారు. బడి వరండాలో, వూరివైపు వాళ్ళు, కాలనీ వాళ్ళు, వీళ్ళు, అందరూ కలిసి కూర్చుని వలిచారు. కలిసి కూర్చున్నారంటే మొదటివారం రెండు గుంపులుగా, మధ్య ఒక చాప జాగా వదిలి. రెండోవారం ఆ జాగాలో మూటలు పెట్టవలసి వచ్చింది, చోటు చాలక ఎటువాళ్ళు అటు జరిగి కలిసిపోయారు. కాలనీ ఆమె, అదే ఆ ప్రశ్న అడిగినామె, పాట ఎత్తుకుంది. చాలా మంచి గొంతు. ముప్పయ్యేళ్ళుగా అదే వూళ్ళో వుంటూ ఆ గొంతు మేము విననేలేదు.

వూరు మళ్ళీ నిండుతుందని నేననుకోను. తాళాలు వేసుకుపోయినవాళ్ళు తిండికోసం పోయారు, రమ్మనడానికి నాకేం హక్కుంది? నేను మాత్రం అక్కడ వుంటున్నానా? కానీ ఆ మలుపులో బస్సు ఇంకా ఆగుతుంది. ఎండలో చంటిపిల్లతో ఎవరో ఒకరు ఇంకా దిగుతూనే వుంటారు.

మొన్న అవ్వ ఫోను చేసింది. ఆమెకు చూపు ఆనడం లేదు, కుండ కడగబోతే చెయ్యి జారిందట, నాలుగింటిలో ఒకటి పగిలింది. "ఉగాదికి వారమే వుంది, ఏం చేస్తావో చెయ్యి" అని నన్నే కసిరింది. శనివారం పొద్దున బస్సుకు పోతున్నాను. కదిరిలో దిగి కుమ్మరి దగ్గర కుండ కొనాలి. కొత్త కుండ నాలుగు రోజులు నీళ్ళు పోసి నానబెట్టాలి, లేకపోతే మట్టివాసన వస్తుంది.